ఎలుకలు కొట్టేసిన నాలుగో రీలు

నిన్న ఉదయం కాఫీ సగం కూడా తాగలేదు. ఫోన్ మోగింది.

"టీచరమ్మా, మా మామ ఇంకా లేవలేదు," అంది పెంచలయ్య కోడలు.

ఆపరేటర్ పెంచలయ్య ఏనాడు టైముకు లేచాడు గనక, కాసేపు ఆగమ్మా అన్నాను.

అవతల నుంచి ఏడుపు వినిపించింది.

అప్పుడు అర్థమైంది.

ముత్తుకూరు వైపు కొత్తగా వచ్చి ఈ గ్రూపులో చేరినవాళ్ల కోసం చెబుతున్నాను. పెంచలయ్య టూరింగ్ టాకీసులో ఆపరేటర్. అది మూతపడ్డప్పుడు ఓనరు వదిలేసిన పాత మిషనూ, నాలుగు రీళ్ల మూకీ సినిమా ఒకటీ ఇంటికి తెచ్చుకున్నాడు.

అప్పట్లో ఆదివారం మధ్యాహ్నాలు మా స్కూలు గది కిటికీలకు ఉప్పు గోతాలు కట్టి షో వేసేవాడు. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వస్తే నేను చదివి చెప్పాలి. నేను ఒక వాక్యం చదివితే అతను పది చెప్పేవాడు.

కథ ఇదీ. పెద్ద పట్నంలో ఇల్లు లేని ఒక ముసలి కూలీ. ఉన్న ఒక్క దుప్పటీ ఎవరో బీద తల్లి బిడ్డకు కప్పి, తను మంచులో వణుకుతూ కూర్చుంటాడు.

మంచు అంటే మావాళ్లకేం తెలుసు? పెంచలయ్య అది ఉప్పని చెప్పేశాడు.

"అంత ఉప్పు పెట్టుకోని ఆయనకి ఇల్లు లేకపోవడమేంది?" అంది కొఠార్లలో, అంటే ఉప్పు మడుల్లో, ఉప్పు తీసే రమణమ్మ.

"నువ్వుండేది రోజూ ఉప్పులోనే గదా. నీకు మిద్దె ఉందా?" అన్నాడు పెంచలయ్య.

నేను భూగోళం చెప్పబోతే, "టీచరక్కా, కూర్చో," అన్నాడు.

మూడో రీలు అయ్యేసరికి కరెంటు పోయింది.

మర్నాడు రమణమ్మ తను కప్పుకునే దుప్పటి తెచ్చింది. "ఆ ముసిలాయనకి పంపియ్యన్నా."

పెంచలయ్య దుప్పటి అందుకుని, "గూడూరులో రైలెక్కిస్తాలే," అన్నాడు.

ఆ సాయంత్రం మేమిద్దరం నాలుగో రీలు వేసుకుని చూశాం. తెల్లారేసరికి ముసలాయన చనిపోయి ఉంటాడు.

తర్వాతి ఆదివారం పెంచలయ్య ప్రకటన: నాలుగో రీలు ఎలుకలు కొట్టేసినాయి. దుప్పటి చేరింది. ముసిలాయన కప్పుకోని నిద్రపోతున్నాడు. బదులుగా రమణమ్మకి దుప్పటి పంపినాడు.

ఆ బదులు దుప్పటి పెంచలయ్య పెళ్లినాటిది. అతని భార్య నెల్లాళ్లు మాట్లాడలేదు.

పిల్లల ముందు అబద్ధాలా అని నేను మండిపడ్డాను. "ఎలుకల మాట మాత్రం నిజమక్కా," అన్నాడు.

నమ్మాను. ముప్పై ఏళ్లు పరీక్ష హాల్లో స్లిప్పులు పట్టుకున్నదాన్ని.

నిన్న వాళ్లింట్లో, అతనికి కట్టే కొత్త పంచె కోసం ట్రంకు పెట్టె తెరిచాం. అడుగున రమణమ్మ దుప్పటి. దాని మడతలో రేకు డబ్బా. డబ్బాలో నాలుగో రీలు.

ఎలుక పంటి గాటు ఒక్కటీ లేదు.

అప్పుడే గుమ్మంలో కర్ర చప్పుడు. రమణమ్మ.

పెట్టె మూసి దాని మీద కూర్చున్నాను. డెబ్బై నాలుగేళ్ల మోకాళ్లు అంత వేగంగా వంగుతాయని నాకే తెలీదు.

"టీచరమ్మా, ఆ కడపటి బొమ్మ యాడన్నా దొరికిందా? ముసిలాయన లేసినాడో లేదో తెలీకనే పోతానేమో."

అబద్ధమాడినందుకు ఎంతమందిని బెంచీ ఎక్కించిన నోరో ఇది.

"ఎలుకలు కొట్టేసినాయి రమణమ్మా. ఆయన నీ దుప్పటి మాత్రం చివరిదాకా వదల్లేదు."

"అది చాల్లే," అని వెళ్లి పెంచలయ్య పాదాల దగ్గర కూర్చుంది.

రమణమ్మకు ఫోన్ లేదు. మీలో ఎవరైనా ఇది ఆమెకు చదివి వినిపిస్తే, నా సంగతి మీకు తెలుసు.

పెంచలయ్యా, హాయిగా పడుకో.

ఎలుకల సంగతి ఇక నేను చూసుకుంటాను.