మామిడి తొక్కల మంట

మొన్న బస్సు పూతలపట్టు దాటతా ఉంటే మామిడి తొక్కలు కుళ్ళిన కంపు గుప్పుమని కొట్టింది. పక్కనామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునింది. నాకు మాత్రం నవ్వొచ్చింది, మా పెద్దమ్మ మతికొచ్చి.

డెబ్బైల చివర మాట. పాకాల బడిలో కొత్తగా టీచరుద్యోగమొచ్చి నేను పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. పెదనాయన చనిపోయిన ఏడాదే ఆమె మరిది భాగాలు పంచినాడు. పంచినాడంటే, తోటా ఆవులూ తాను తీసుకొని, ఆమెకు రోడ్డు వార ఇల్లూ, పెరట్లో పెదనాయన కట్టించిన గోబర్ గ్యాసు గుంతా వదిలినాడు. పేడ లేక, గ్యాసు పుట్టక గుంత మీది ఇనప డ్రమ్ము అడుక్కు దిగి కూర్చునింది. ఆ మరిదికే పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. సీజన్లో ట్రాక్టర్ల కొద్దీ తొక్కలు మా కంచె పక్కన పోయించేవాడు. అన్నంలో ఈగలు, బావినీళ్ళలో పులుపు. పెద్దమ్మ పోయి అడిగితే కూలోళ్ళందరి ముందరా, "కంపు పడకుంటే ఇల్లు నాకిచ్చేసి మీ పుట్టింటికి పో వదినా" అన్నాడు.

ఆమె ఏడవలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కొని, "వాడి తొక్కల్తోనే వాడి నోరు మూయిస్తా, సూస్తా ఉండు" అనింది.

పేడతో పుట్టే గ్యాసు తొక్కలతో ఎందుకు పుట్టదని ఆమె వాదం. తొక్కలు దంచి గుంతలో పోసిందే పోసింది. గుంత పులిసి నురగలు కక్కిందే గాని పొయ్యి అంటుకోలేదు. నా చీరలకు కూడా చెడిన కల్లు వాసన పట్టి, బడిలో తోటి టీచర్లు నన్ను అనుమానంగా చూసేవాళ్ళు. ఆమె వదల్లేదు. ఇరుగుపొరుగు ఇళ్ళలో పేడ అడిగి తెచ్చి కలిపింది, పులుపు విరగను సున్నపు నీళ్ళు పోసింది, తొక్కలు దినానికి ఒక్క గంపకు తగ్గించింది. కొన్ని వారాలకు డ్రమ్ము మెల్లిగా పైకి లేచింది. పొయ్యి మీద నీలం మంట! ఆ మంట మీదనే ఫ్యాక్టరీ కూలోళ్ళకు సంగటి వండి పెట్టడం మొదలుపెట్టింది.

మరిదికి అది కంట్లో నలుసయింది. "నా తొక్కల్తో ఈమె పొయ్యి మండాల్నా?" అని ట్రాక్టర్లను చెరువు దిక్కు మళ్ళించినాడు. ఊరోళ్ళు కట్టెలు పట్టుకొని అడ్డం నిలిచి, అడక్కుండా ఇంకెవరి కంచె కాడా పోయకూడదనినారు. వేరే చోటు లేక తొక్కలు ఫ్యాక్టరీని ఆనుకొని ఉండే ఆయన మేడ ముందరే గుట్టపడినాయి. ఆఖరికి ఒక మధ్యాన్నం, కూలోళ్ళు తింటా ఉండంగా వచ్చినాడు.

"వదినా, మళ్ళా నీ కాడ్నే పోయిస్తా."

"నా ఆవులు యాడుండాయప్పా?" అనింది పెద్దమ్మ, గరిటె కింద పెట్టకుండా.

సాయంత్రానికి ఆవులు మా కొట్టానికొచ్చినాయి. మొదటి గంప మాత్రం ఆయనే నెత్తిన పెట్టుకొని తేవాలనింది. మరుసటి పొద్దున తెచ్చినాడు. పులిసిన రసం చెంపల మీంచి తెల్లచొక్కా మీదికి కారతా ఉంటే కూలోళ్ళు తలలు వంచుకొని నవ్వినారు. గంప గుంతలో పడినాక ట్రాక్టరు లోపలికి రాబోయింది. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక్క గంపే. నా గుంత అంతకు మించి అరిగించుకోలేదు. మిగతాది నీ వాకిట్లోనే పెట్టుకో."

"ఆవులిచ్చినా గదా!"

"నా ఆవులు నాకిచ్చినావు. దాంట్లో నీ గొప్పేముండాది?"

ఆ సీజనంతా ఆయన కంపుకూ ఈగలకూ తలుపులు మూసుకొని అన్నం తిన్నాడు. పాపమని పెద్దమ్మ అనుకోలేదు. నేనూ అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. కాలం అన్నిటినీ మరిపిస్తాదంటారు గాని, కొన్నింటిని మాత్రం అది మన తరపున భద్రంగా దాచిపెడతాది.