బండిలో చదివిన మంత్రం

బాబా మియా పాముల్ని పట్టడు, ముట్టడు. పదడుగుల దూరం నుంచి చూపిస్తాడు, అంతే. ఆదివారం పొద్దున్నే వరంగల్ నుంచి నా జీపులో వచ్చినవాళ్లను ఏటూరునాగారం అడవిలో తిప్పుతాడు. ఒకప్పుడు పాము కరిచినవాళ్లకు మంత్రం వేసేవాడు. ఎందుకో మానేశాడు. "మంత్రం ఉత్తదే సార్, సూదే బతికిస్తది" అని ప్రతివారం చెప్తాడు. వినీ వినీ నాకు విసుగు పుట్టింది.

మొన్న ఎండుటాకుల్లో రక్తపింజరను చూపిస్తుండగా పక్క ఊరి రైతు నిఖిల్ పరుగెత్తుకొచ్చాడు.

"బాబన్నా, నా భార్యకు పురుగు ముట్టింది! జల్ది రా, మంత్రం ఎయ్యి!"

పాము పేరెత్తకుండా పురుగంటారు ఇక్కడ. టూరు వాళ్లను రోడ్డు మీద దింపేసి మిర్చి చేనుకు పోయాం. సుభాషిణి కాలు మోకాలి దాకా వాచింది. చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. జీపెక్కించమన్నాడు బాబా మియా. ఆమె అత్త చిలుకమ్మ అడ్డం కూర్చుంది.

"దవాఖానకు పోయినోళ్లు మల్ల రాలే. ముందుగాల మంత్రం ఎయ్యి."

నిఖిల్ తల్లి మాట కాదనలేక నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎంత చెప్పినా ముసలమ్మ కదలదు. సుభాషిణి రెప్పలు వాలిపోతున్నాయి.

బాబా మియా గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఎయ్యనీకి రెడీ. కానీ ఇది నడిచే బండిల చదివే మంత్రం. బండి ఆగితే పని చెయ్యది."

పచ్చి అబద్ధం! అందరూ గబగబా ఎక్కారు.

దవాఖానకు నలభై నిమిషాల దారి. వెనక మంత్రం ఆగలేదు. బర్రెల మంద అడ్డమొస్తే బ్రేకు వేశాను.

"ఆపకురా, మంత్రం పోతది!" చిలుకమ్మ అరిచింది.

అద్దంలో బాబా మియా ఏడుస్తూ చదువుతున్నాడు.

దవాఖానలో వెంటనే సూది వేశారు. గండం గడిచిందని సాయంత్రం డాక్టర్ చెప్పాడు. నిఖిల్ బాబా మియా కాళ్ల మీద పడ్డాడు.

"నీ మంత్రమే బతికిచ్చింది బాబన్నా!"

ఊరుకోవయ్యా అనుకున్నాను. ఊరుకుంటే బాబా మియా ఎందుకవుతాడు?

"కాదు బిడ్డా. మీరు బండెక్కాలని అబద్ధమాడిన. సూదే బతికిచ్చింది."

చిలుకమ్మ లేచి బాబా మియా ఎదుటికి వచ్చింది.

"మరి మా ఆయనకు పురుగు ముట్టినప్పుడు, పానం పోయేదాక నీ అర్రల పండవెట్టి చదివితివి కదా. ఆయనకు నూకలు చెల్లినయని ఊకున్న. గప్పుడు దవాఖాన లేకుండెనా, బాబన్నా?"

బాబా మియా తల ఎత్తలేదు.

"ఉండె" అన్నాడు.