ఇంజిన్ మూత మీద మటన్ కూర

చక్రాల మీద ఇల్లు కట్టుకుని ఊళ్లకు ఊళ్లు ఏలిన ఒక మహావంశపు గాథ చెప్పబోతున్నాను. ఏలడం అబద్ధం. ఇది నిన్నటి మటన్ కూర వేడి చేసుకోవడం గురించి. ఉప్పల్ చౌరస్తాలో పాత బస్సు వదిలే డీజిల్ పొగకు అందరూ ముక్కు మూసుకుంటారు; నాకు మాత్రం ఆకలేస్తుంది.

మా మేనమామ ఫ్యాక్టరీల్లో బాయిలర్లు బిగించే ఫిట్టర్. పని ఎక్కడుంటే అక్కడికి పోవాలి కాబట్టి ఒక పాత బస్సు కొని, సీట్లు పీకించి, రెండు మంచాలు, ఒక స్టవ్వు, కిటికీలకు పాత చీరల పరదాలు పెట్టి, అత్తతో, కొడుకు శీను బావతో అందులోనే కాపురముండేవాడు. పనికీ పనికీ మధ్య ఆ బస్సు నాచారంలో మా ఇంటి పక్క ఖాళీ ప్లాటులో ఆగేది. డాబా మీద ఎండే మామిడి ఒరుగుల పులుపు వాసన, సందులో గోలీలాట, కరెంటు పోగానే విసనకర్ర పట్టుకుని అరుగు మీదికొచ్చే నానమ్మ, ఇవన్నీ ఉన్నా నా కళ్లు ఆ బస్సు మీదే. బావ ఇల్లు హారన్ కొట్టేది. మా ఇల్లు గృహప్రవేశం నాటి నుంచి అంగుళం కదల్లేదు.

అసలు కుళ్లు మాత్రం వాళ్ల భోజనం మీద. డ్రైవర్ పక్కనుండే ఇంజిన్ మూత మీద అత్త స్టీలు క్యారియర్ పెట్టి దుప్పటి చుట్టేది. వరంగల్ చేరేసరికి బగార అన్నం, మటన్ కూర పొగలు కక్కేవట. ఆ మాట బావ రోజుకు నాలుగుసార్లు చెప్పేవాడు.

ఒక ఎండాకాలం సెలవుల్లో అత్త, "గీసారి నువ్వు గూడ రా అల్లుడా, రేపు పొద్దుగాల బండి తీస్తం" అంది. నా జన్మ ధన్యమైంది. కాకపోతే ఇంజిన్ వంట నాకూ వచ్చని బావకు చూపించకుండా బస్సెక్కడం నామోషీ అనిపించింది. మా ఇంట్లో ఇంజిన్ లేదు, బోరు మోటారుంది. నిన్నటి మటన్ కూర డబ్బాను తువ్వాలులో చుట్టి దాని మీద పెట్టాను. రెండు గంటల తర్వాత తీస్తే చంటిపిల్లల స్నానం నీళ్లంత వెచ్చగా ఉంది. బావ చూస్తున్నాడు. "మస్తు కాలుతుంది బావా" అంటూ ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటూ మొత్తం తిన్నాను.

తెల్లారి బస్సు స్టార్టయ్యేసరికి నేను బాత్రూంలో ఉన్నాను. అప్పటికి ఏడోసారి. బావ బయటి నుంచి తలుపు కొట్టాడు.

"నీకేంది రా! కడుపు నొస్తే ఉరుకనీకి నీ ఇల్లు గీడనే ఉంటది. మాకైతే పెట్రోల్ బంకు రావాలె."

వాడు నన్ను చూసి కుళ్లుకుంటున్నాడని నాకప్పుడు తట్టలేదు. తట్టినా లేచే స్థితిలో లేను. హారన్ సందు మలుపు దాకా వినిపించింది, తర్వాత వినిపించలేదు.

ఇప్పుడా ప్లాటులో ఐదంతస్తుల అపార్ట్‌మెంటుంది. బస్సు తుక్కుకు పోయింది. మామవాళ్లు నాగోల్‌లో ఏమాత్రం కదలని ఫ్లాటులో ఉంటున్నారు. మొన్న వెళ్లినప్పుడు, ఇన్నేళ్ల కుళ్లునంతా మింగి, ఆ ఇంజిన్ వంట రహస్యమేమిటని అత్తనడిగాను.

"ఇంజిన్ మీద కూర కాగుతదా పిచ్చోడా? పొయ్యి మీద కుతకుత మసలబెట్టి, గప్పుడు మూత మీద పెడుతుంటి. జర సల్లారకుండ ఉంటదని, గంతే."

కాబట్టి, నిన్నటి మాంసం కూరను బుడగలొచ్చేదాకా మరిగించాలి. గోరువెచ్చన చాలదు.