అత్త పొదిగించిన కోడిపిల్లలు

మా పక్కింటి అత్త పోయిందన్న కబురు మద్రాసులో నాకు ఆలస్యంగా చేరింది. మా ఊరు కోటకు వెళ్లేసరికి దినాలు కూడా అయిపోయాయి. ఆమె గురించి నాలుగు మాటలు చెప్పడానికి నేను తగినవాణ్ణో కాదో తెలియదు. చెప్పుకోకపోతే మాత్రం ప్రాణం ఊరుకోవడం లేదు.

మలేరియాకు కొత్త మందులు తయారుచేసే ప్రయోగశాలలో నాకు ఉద్యోగం. చేసిన ప్రతి మందునూ ముందు కోడిపిల్లల మీద చూడాలి. వాటికి జ్వరం ఎక్కించి, మందు పోసి, బతుకుతాయో లేదో కనిపెట్టాలి. ఫారం పిల్లలు చాలడం లేదని ఒకసారి ఇంటికొచ్చినప్పుడు అన్నాను. అత్త వింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు, నా ఈడువాడు, ఆ చలిజ్వరంతోనే పోయాడు.

"నేను పొదగేస్తాలే అబ్బయా. తీసకపో."

"అవి చచ్చిపోతాయత్తా."

"తెలుసులేరా. ఆ పాపం నాకు రానీ. మందు మాత్రం నువ్వు కనుక్కో."

బుట్టలో వరిగడ్డి పరిచి, గుడ్లు పెట్టి, ఉరుములకు మురిగిపోకుండా మధ్యలో విరిగిన కొడవలి ముక్క దోపేది. ఆ గదిలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే, "మీ నోళ్లు పడిపోను, గుడ్లల్లో పిల్లలు బెదరవూ?" అని విరుచుకుపడేది. లేచిన పిల్లల్ని గంపలో పెట్టి, పాత చీర కప్పి, గూడూరు బస్సు దాకా తనే మోసుకొచ్చేది. తల్లికోడి వాకిలంతా వెతుక్కుంటూ తిరిగేది. కోడికూరంటే పడిచచ్చే మనిషి, అప్పటినుంచి ముట్టలేదు. అడిగితే "పళ్లు కదలతా ఉండాయిరా" అని నవ్వేది. పళ్లు రాళ్లలా ఉండేవి.

నేను గుమ్మం ఎక్కకముందే అడిగేది: "దొరికినాదా?"

దొరకలేదు. కొన్ని మందులు జ్వరంతోపాటు పిల్లల్నీ చంపాయి. కొన్ని ఏమీ చేయలేదు. ఈలోగా ఊరూరా గోడలకు దోమలమందు కొట్టారు, జ్వరాలు తగ్గాయి. ఇక ఈ పని చాలన్నారు మా పైవాళ్లు. నన్ను దగ్గుమందుల వైపు మార్చారు.

ఆ మాట నేనే వెళ్లి అత్తకు చెప్పాను.

"అయితే నా కోడిపిల్లలన్నీ ఊరికినే పోయినాయా అబ్బయా?"

పాపం ఆమె తీసుకుంది, జీతం నేను తీసుకున్నాను. సిగ్గుతో అన్నం సయించడం లేదు.

మొన్న పలకరించడానికి వెళితే మామ నన్ను లోపలి గదిలోకి పిలిచాడు.

"పోయే ముందర పొదగేసింది నాయనా, నీకోసరమే. మళ్లా ఆ మందు పని మొదులుపెడతారేమో, ఉండనీ అన్నది."

గడ్డిలో కొడవలి ముక్క కనిపిస్తోంది. నేను వంగబోతే కోడి ఈకలు విదిల్చి, రెక్కలు పరిచి, గుడ్లన్నిటినీ తన కిందికి లాక్కుంది.