బండి ఏ దారిన తిరుగుతుంది?

మొన్న మా కారు సర్వీసుకు ఇస్తే, కాసేపటికి నా ఫోనుకు మెసేజ్ వచ్చింది, బ్రేకు సామాను కంపెనీది కావాలంటే ఒకటి, బయటది చాలంటే రెండు నొక్కమని. నొక్కకుండా చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. రెండు వేల సంవత్సరం దాటాక పదేళ్లపాటు, భద్రాచలంలో మా మామగారి స్పేర్ పార్ట్స్ దుకాణంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే నా పని మరి! ఆడమనిషికి బండి సామాను ఏం తెలుసని మొదట్లో నవ్విన డ్రైవర్లే తర్వాత నేను భోంచేసి వచ్చేదాకా ఆగేవారు.

ఎవరేం అడిగినా బండి ఏ దారిన తిరుగుతుంది, ఎందరిని ఎక్కిస్తారు అని ముందు అడగడం మామగారి పద్ధతి. నాకది చాదస్తంగా తోచేది. కంపెనీది అన్నాక ఇంకేం చూడాలని, పినపాక నుంచి అడవి పల్లెలకు కిరాయి జీపు నడిపే మా మేనమామకు, బండి బరువు మోసే వెనుక కమాను పట్టీలు కంపెనీవే ఇచ్చాను. ఇరవై మందితో రాళ్ల దారిన తిరిగే ఆ జీపుకు అవి వారం ఆగలేదు. అదనపు పట్టీ వేసి మందంగా చేసిన లోకల్ సరుకే దానికి నిలిచింది.

దాంతో మేనమామకు లోకల్ మీద గురి కుదిరింది. ఒక సంతరోజు పొద్దున్నే వచ్చి, బ్రేకు సరిగా పడటం లేదు, సిలిండర్‌లో వేసే రబ్బరు వాషర్లు లోకల్‌వే ఇమ్మన్నాడు. కంపెనీవి మా దగ్గర అయిపోయాయి. లోకల్ రబ్బరు బ్రేకు ఆయిల్‌కు ఉబ్బుతుంది. వాగులోకి దిగే వాలులో బ్రేకు పడకపోతే ఆ ఇరవై మంది గతేమిటని ఇవ్వనన్నాను.

“మొన్న నువ్విచ్చిన కంపెనీదే ఇరిగింది గద బిడ్డా, ఇయ్యాల లోకల్ది ఇయ్యనంటవేంది?” అన్నాడు. నిజమే కాబట్టి సిగ్గేసింది.

“మొన్న తప్పు నాదే మామా. పట్టీ ఇరిగితే బండి ఆగుతది. బ్రేకు పోతే ఆగదు” అన్నాను.

ఖమ్మానికి ఫోను చేసి, కంపెనీ వాషర్లు బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపమని చెప్పి, అవి వచ్చేదాకా అలిగిన మేనమామను దుకాణంలోనే కూర్చోబెట్టాను. ఆయనకు సంత కిరాయి పోయింది. మధ్యాహ్నం మెకానిక్ సిలిండర్ విప్పితే, అంతకుముందు ఎక్కడో వేయించుకున్న లోకల్ వాషర్లు ఉబ్బి చిరిగి ఉన్నాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని చూసిన మేనమామ, ఆపైన నన్ను అడగకుండా బ్రేకు సామాను కొనలేదు.

మామగారు పొద్దుట్నుంచీ అంతా వింటూ కూర్చున్నారు. సాయంత్రం ఒక లారీ డ్రైవరు ఏదో అడిగితే, “మా కోడల్ని అడుగు, ఆమె చెప్పిందే ఖాయం” అన్నారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు దారులు బాగుపడ్డాయి, ఏ సామానైనా ఇంటికే వస్తోంది, సంతోషమే. నేను ఒకటి నొక్కాను. వెంటనే ధన్యవాదాలు అని వచ్చింది. మా బండి ఏ దారిన తిరుగుతుందో మాత్రం ఎవరూ అడగలేదు.