బిందెలు పట్టిన శుక్రవారం

కొళాయి తిప్పితే నీళ్ళు రావడమే మహా వైభవంగా తోచిన రోజులు నాకూ ఉన్నాయంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఎనభైల మొదట్లో కువైట్‌లోని అబ్బాసియాలో ఒకే గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. నేనూ, నాకు వీసా తెప్పించిన మా మామా రాయచోటి పక్క పల్లెవాళ్ళం, బోరింగు దగ్గర వరసలో నిలబడి పెరిగినవాళ్ళం. మూడో మనిషి గోదారాయన. లాండ్రీలో ఇస్త్రీ పని, పుట్టింది కాలువ గట్టున. పళ్ళు తోముకున్నంతసేపూ కొళాయి వదిలేసేవాడు. అది చూసి మామకు కడుపు మండిపోయేది.

ఓసారి బాత్రూములో గీజరు పైపు చుక్కలు కార్చడం మొదలుపెట్టింది. "బిల్డింగు కాపలా ఆయనకు చెప్పి వాషరు మార్పిద్దామండీ" అన్నాడు గోదారాయన. "ఊరికే వచ్చే నీళ్ళకు వాషరెందుకప్పా?" అని మామ దాని కింద గిన్నె పెట్టాడు. ఆ నీళ్ళతో బియ్యం కడుక్కుని మేమెంత తెలివైనవాళ్ళమో అని మురిసిపోయాం. బొద్దింకలు వస్తున్నాయని నేల మీది తూములో గుడ్డ కుక్కాం. నీళ్ళు కట్టేసే వాల్వుకు అడ్డంగా బియ్యం మూట నిలబెట్టాం. గది మునగడానికి కావలసిన సరంజామా అంతా మేమే అమర్చిపెట్టామన్నమాట!

ఒక శుక్రవారం మధ్యాహ్నం మామ ఊరికి విమానమెక్కాలి. మూడేళ్ళ తర్వాత మొదటి సెలవు. ఆయన ఇక్కడికొచ్చాక పుట్టిన కూతురిని ఇంతవరకు చూడలేదు. పని ఇచ్చిన యజమాని, అదే కఫీల్, తన దగ్గర ఉంచుకుని సెలవుకని తిరిగిచ్చిన పాస్‌పోర్టు చేతిసంచిలో పెట్టి, సంచిని పరుపు పక్కన నేల మీద ఉంచాడు. పొద్దున టీ తాగుతున్నాం. బాత్రూములో ఫట్‌మని పైపు ఊడి, నీళ్ళు గోడకు కొట్టాయి.

"వాల్వు! వాల్వు కట్టండి బాబూ!" అని గోదారాయన అరిచాడు.

"బిందె తేరా! తీపి నీళ్ళురా, ఒక్క చుక్క పోనీయొద్దు!" అని మామ అరిచాడు.

నేను ఎటు పరుగెత్తానో చెప్పాలా? (మేనమామ మాట కాదంటే ఊళ్ళో అమ్మ ఊరుకుంటుందా!) బిందె నిండింది, బకెట్లు నిండాయి, కుక్కరు, బిర్యానీ డేక్సా, చివరికి టీ గ్లాసులు. నెత్తి మీద నీళ్ళు కురుస్తుంటే ఆపుకోలేనంత సంతోషం వచ్చి పకపకా నవ్వాను. మామా నవ్వాడు. "గది మునిగిపోతుంటే నీళ్ళు దాచుకుంటారేంటండీ, మీకేమైనా పిచ్చా?" అంటూ గోదారాయన ఒక్కడే బియ్యం మూట ఈడ్చి వాల్వు కట్టాడు. అప్పటికే నీళ్ళు గడప దాటి పరుపును తడిపి సంచిలోకి దిగాయి.

మామ తడిసిన పాస్‌పోర్టు తీసి అలాగే నీళ్ళలో కూలబడ్డాడు. "అయిపాయరా. నా బిడ్డను చూసేది ల్యా ఇంక" అన్నాడు. నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. గోదారాయన ఇస్త్రీ పెట్టె వేడిచేశాడు. పేజీ పేజీకీ మధ్య గుడ్డ వేసి, "గట్టిగా ఊపిరి వదలకండి" అంటూ రుద్దాడు. కాగితాలు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి గానీ ముద్రలు చెదరలేదు. తడి ఇంకా పూర్తిగా పోలేదని బయల్దేరే నిమిషం దాకా ఇస్త్రీ వదల్లేదు. ఆ తర్వాత మామ దాన్ని చొక్కా లోపల, పొట్టకు ఆనించి తెచ్చుకున్నాడు.

విమానాశ్రయంలో నేను దూరంగా కటకటాల దగ్గర నిలబడ్డాను. ఆఫీసరు పాస్‌పోర్టు పట్టుకున్నాడు. వెచ్చగా తగిలిందేమో, చెంపకు ఆనించి చూశాడు. పక్కనున్నవాణ్ణి పిలిచి చూపించాడు. నేను కటకటాలు పట్టుకుని మునివేళ్ళ మీద లేచాను. ఇద్దరూ పడీపడీ నవ్వారు. స్టాంపు దబ్‌మని పడింది. "యల్లా, రూహ్!" అన్నాడట. ఇక పొమ్మన్నాక నిలబడేదెవరు? మామ వెనక్కి కూడా చూడకుండా పరుగెత్తాడు.

సెలవు ముగించుకుని వచ్చాక పాప ముచ్చట్లన్నీ చెప్పి, చివర్లో మామ గొంతు తగ్గించాడు. "బోరింగు ఎండిపోయిండాదిరా. దినామూ బిడ్డను సంకనేసుకోని పక్కూరికి పోతిమి నీళ్ళకు. ఆ పొద్దు మన రూములో పారిన నీళ్ళుంటే మా వీధి వీధంతా తాగును."

ఇప్పుడు కడపలో ఇల్లు కట్టుకున్నాను. వాల్వుకు ఏదీ అడ్డం పెట్టనివ్వను, చుక్క కారితే ఆ రోజే ప్లంబరును పిలుస్తాను. ఇల్లు కట్టే చుట్టాలందరికీ పిలవకపోయినా వెళ్ళి ఇదే బోధిస్తాను. అంతా విని, ఆ రోజు మీరు వాల్వు ఎందుకు కట్టలేదని ఎవరైనా అడిగితే మాత్రం, నీళ్ళలో తడుస్తూ బిందె పట్టుకుని నవ్విన ఆ కుర్రాణ్ణి వెర్రివాడనడానికి నాకు నోరు రాదు.