తిరిగిన అరివేణి కుండ

పోయిన నెల మనవరాలు ఒక పింగాణీ కూజా తెచ్చి బల్లమీద పెట్టింది. తెల్లటి ఒంటిమీద వలయాలు వలయాలుగా నల్లటి వాలుగీతలు. మంచినీళ్ల గ్లాసు కోసం అటు వంగానో లేదో, ఆ వలయాలు ఒకదానికొకటి ఎదురుగా జారడం మొదలుపెట్టాయి. కుర్చీ చేయి గట్టిగా పట్టుకున్నాను. "అది కదలదు తాతా, అట్ల కనపడుతుందంతే" అని పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అరవై ఏళ్ల వెనక, శింగనమల దగ్గర మా ఊళ్లో, చెల్లెలి పెళ్లిలో పట్టుకున్న భయం మళ్లీ పట్టుకుంది.

మా వైపు పెళ్లంటే కుమ్మరి ఇంటినుంచి అరివేణి కుండలు రావాలి. సున్నం, జాజు ఎర్రమన్ను పూసి గీతలు దిద్దిన ఆ కుండలను మేళంతో తెచ్చి, పందిట్లో ఒకదానిమీద ఒకటి పేర్చి పూజ చేస్తారు. వాటికి చిన్న బీట కనపడినా పెద్దవాళ్ల ముఖాలు మాడిపోతాయి. ఊళ్లో కుండలు చేసే ఆవిడను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. గీతలు దిద్దేటప్పుడు ఎవరైనా పలకరిస్తే చేతిలో పుల్లతో కొట్టినంత పని చేసేది. అవి వానలు లేని ఏళ్లు. నాయన అప్పటికే పెళ్లి వాయిదా వేసి, ఇంకా ఆగితే మగపెళ్లివారు ఒప్పుకోరని, చెరువు అడుగు పగుళ్లు తేలిన వేసవిలోనే ముహూర్తం పెట్టించాడు. పెళ్లికొడుకు మేనమామకు ఈ సంబంధం మొదటినుంచీ ఇష్టం లేదు. పెళ్లి చెడగొట్టి వెళ్లిపోవడానికి సాకు వెతుకుతున్నాడని అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

నేను అనంతపురంలో కాలేజీ చదివి వచ్చినవాణ్ని, దయ్యాలంటే నమ్మేవాళ్లను వెక్కిరించేవాణ్ని. ఆ పొద్దున హారతి పళ్లెం పట్టుకుని నడుస్తుంటే, వాలుగీతలు దిద్దిన పైకుండ మెల్లగా తిరిగింది. ఆగాను. అదీ ఆగింది. అడుగు వేశాను. మళ్లీ తిరిగింది, ఈసారి కింది కుండ కూడా, ఎదురుదిక్కుకు. పళ్లెం జారి పడింది. "నాయనా, కుండ తిరుగుతాండాది" అని అరిచాను. సన్నాయి ఆగిపోయింది. చూద్దామని ముందుకొచ్చిన వాళ్లకల్లా అది తిరిగింది. ఒకావిడ బిడ్డను చంకనేసుకుని పందిరి బయటికి పరిగెత్తింది. మేనమామ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏమప్పా, అరివేణమ్మే నిలబడనంటాంటే మేం ఈడ కూచ్చునేదెట్ల? బండ్లు కట్టమందునా?"

నాయన ముఖంలో నెత్తురు లేదు. పసుపు బట్టల్లో చెల్లెలు నా వైపు చూసింది. చివరికి పురోహితుడు, గీతలు కడిగించి వట్టి కుండలకే పూజ చేద్దామని తేల్చాడు. "కడిగితే కూచ్చుంటాం. గీసిన చెయ్యే కడగాల" అన్నాడు మేనమామ.

భోజనాల కోసం దాచిన నీళ్లు బిందెతో తెచ్చి నేనే పోశాను. పెద్దమ్మ కొబ్బరిపీచుతో రుద్దుతోంది. నేను పోయడానికి వంగితే గీతలు ఒకవైపు జారాయి, లేస్తే రెండోవైపు. మళ్లీ వంగి చూశాను. కదులుతున్నది నేను, కుండ కాదు. ఆ మాట పైకి అంటే, ఊరికే అరిచి పెళ్లి ఆపినవాణ్ని నేనవుతాను.

పెద్దమ్మ తల ఎత్తకుండా, నాకొక్కడికే వినపడేట్టు అడిగింది. "నిజంగానే తిరిగినాదా అబ్బీ? మా యమ్మ గీస్తే తిరిగేది. నాకు ఇన్నేండ్లూ రాలే."

భయంతో ఎండిపోయిన ఆ ముఖంలో ఏదో వెలుగు. నా వెనకే మేనమామ నిలబడి ఉన్నాడు.

"నాకేం తెలుసు పెద్దమ్మా. బిరీన కడుగు" అన్నాను.

ఆమె చివరి గీత దాకా రుద్దేసింది. పెళ్లి జరిగింది. చెల్లెలు చల్లగానే బతికింది. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ పెద్దమ్మ చేత గీతలు దిద్దించలేదు. పెళ్లి కుండలు గార్లదిన్నె నుంచి తెచ్చుకునేవారు. ఆమె దారిలో ఎదురైతే నేను పక్కసందులోకి తప్పుకునేవాణ్ని. అలా తప్పుకుంటుండగానే ఆమె పోయింది.

కూజా ఇప్పుడు కిటికీలో ఉంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాని ముందుకు వంగి, వెనక్కి లేచి చూస్తాను. తిరుగుతుంది. కాలం కూడా ఇట్లాంటిదేనేమో. పెద్దమ్మ పీచు పట్టుకుని నా జవాబు కోసం ఇంకా అక్కడే కూర్చుని ఉంది, ముందుకూ వెనక్కూ జరుగుతున్నది నేనొక్కణ్నే.